ఒప్పజెప్పిన ఇల్లు

మౌలాలికి మూడేళ్లుగా ఒకటే దిగులు. షా తాత తనకు చెయ్యి ఇవ్వడం లేదు.

నంద్యాల దాటి రెండు మైళ్లు పోతే కుందేరు ఒడ్డున ఖుద్దూస్ షా అనే ఫకీరు తకియా ఉండేది. తకియా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. నాలుగు రాతికంభాల మీద ఒక కప్పు, పక్కన ఒక గుడిసె. ఊళ్లో చిన్నా పెద్దా ఆయన్ని షా తాత అనే పిలిచేవాళ్లు. ఆయన ఎవరినైనా శిష్యుడిగా తీసుకోవాలంటే తతంగమేమీ లేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ మనిషి చేతిని తన చేతిలోకి తీసుకునేవాడు. ఆ పూట నుంచి వాడు ఆయన మనిషి.

తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ వచ్చిన ఒక కాపరికి ఆ చెయ్యి ఒక్క పూటలో దొరికింది. వాడికి నమాజు చదవడం కూడా సరిగా రాదు. మౌలాలి మాత్రం గురువారం తప్పకుండా మూడేళ్లు తిరిగాడు. తకియా ఊడ్చాడు, నీళ్లు మోశాడు, తాత కాళ్లు పట్టాడు. అడిగిన ప్రతిసారీ తాత నవ్వి, "ఇంగా కాదులే నాయినా" అనేవాడు. ఎందుకు కాదో చెప్పేవాడు కాదు.

మౌలాలి మామూలు మనిషి కాడు మరి. ముప్పై ఏళ్లుగా రిజిస్ట్రారాఫీసు ఎదురుగా చిన్న మేజా వేసుకుని కూర్చున్న దస్తావేజు లేఖరి. దూదేకుల కులంలో పుట్టి, దూది ముట్టకుండా కలం పట్టినవాడు. అతను రాసిన కాగితంలో తప్పు పట్టిన వకీలు ఆ జిల్లాలో లేడని పేరు. ఆ పేరు కాస్త తలకెక్కిన మాట కూడా నిజమే. ఎవరైనా "ఈ పొలం నాదే సామీ" అంటే చాలు, కళ్లజోడు పైకి జరిపి, "నీదా, నీ చేతిలో ఉందా, నువ్వు దున్నుకుంటాండావా? మూడూ ఒకటి కాదప్పా" అని మొదలుపెట్టేవాడు. వచ్చినవాడు బిత్తరపోయి, తన పొలం తనదేనా అని అనుమానంతో ఇంటికి పోయేవాడు.

అటువంటి మనిషికి ఒకరోజు, కాగితం రాస్తూ రాస్తూ, తన చిక్కు విడిపోయినట్టు తోచింది. దేవుడి దారిలో నడవాలనుకునేవాడికి ఆస్తి ఉండొచ్చునా? తనకు ఇల్లుంది. ఇల్లు పెట్టుకుని ఫకీరు చెయ్యి కావాలంటే ఎట్లా ఇస్తాడు? తాత నోరు తెరిచి అడగలేక ఊరుకుంటున్నాడు. ఇంత చిన్న సంగతి మూడేళ్లు తట్టలేదేమా అని మౌలాలి తనను తానే తిట్టుకున్నాడు.

ఆ ఇల్లు నంద్యాల దూదేకుల వీధిలో ఉంది. తండ్రి కట్టింది. మౌలాలి వాళ్లన్న తండ్రికంటే ముందే చనిపోవడంతో ఇల్లు పూర్తిగా మౌలాలికే వచ్చింది. భార్య పోయాక అతను రిజిస్ట్రారాఫీసు వెనక ఒక గదిలో ఉంటున్నాడు. ఇంట్లో ఉండేది వదిన జమాలమ్మ. ఆమెకు పిల్లల్లేరు. మొగుడు పోయాక మొగుడి దూది ఏకే విల్లు తనే పట్టి, పరుపులు కుట్టి, నలభై ఏళ్లుగా ఆ ఇంట్లోనే బతుకుతోంది. ఆమె కోడలుగా వచ్చిన నాటికి మౌలాలికి తొమ్మిదేళ్లు, తల్లి లేదు. అన్నం పెట్టి, తల దువ్వి, బడికి పంపింది ఆమే. ఇప్పటికీ శుక్రవారం మధ్యాహ్నం అతని భోజనం అక్కడే.

ఇచ్చేది ఇచ్చేట్టు ఇవ్వాలి గదా. వాళ్ల ధర్మంలో ఇల్లు దానమిస్తే నోటితో ఇచ్చానంటే చాలదు. ఇచ్చేవాడు తన వస్తువులన్నీ తీసుకుని ఇంట్లోంచి బయటికి నడవాలి, పుచ్చుకునేవాడు లోపలికి అడుగుపెట్టాలి. అప్పుడే స్వాధీనం చేతులు మారినట్టు. లోపల ఇచ్చేవాడి తాలూకు మనిషి ఒక్కరున్నా ఆ దానం నిలవదు. ఎందరికో ఈ మాట చెప్పిన మౌలాలి తన దానంలో చిల్లు పడనిస్తాడా? తాత పేర దానపత్రం రాసి జేబులో పెట్టుకున్నాడు.

వదినకు నోటీసు రాశాడు.

ఇది విని వీధిలోవాళ్లు మొదట నమ్మలేదు. కన్నతల్లిలాంటి మనిషికి నోటీసు రాయడమేమిటి అని. కానీ రాశాడు. రాసి, తనే పట్టుకుపోయి ఇచ్చాడు. జమాలమ్మకు చదువు రాదు. పరుపు కుడుతున్న సూది తలలో గుచ్చుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ అతని చేతికే ఇచ్చింది.

"నువ్వే సదువురా" అంది.

మౌలాలి గొంతు సవరించుకుని చదివాడు. "మా తండ్రిగారి ద్వారా నాకు సంక్రమించిన ఇంటిలో మీరు ఇంతవరకు కేవలము నా అనుమతి మీద నివసించుచున్నందున, సదరు అనుమతిని ఇందుమూలముగా రద్దు చేయడమైనది. ఇది అందిన మూడు దినములలోగా మీరు మీ సామానుతో సహా ఇల్లు ఖాళీ చేయవలెను."

"మీరు అంటే ఎవుర్రా?"

"నువ్వే వదినా."

"నన్ను మీరన్నావా." ఆమె ముఖం కాస్త విచ్చుకుంది. "ఇంత మరేద ఎప్పుడు నేర్సినావు?"

ఆ మాటకైనా అతనికి సిగ్గు వేసి ఉండాల్సింది. వేయలేదు. షా తాతకు ఇల్లు ఇవ్వబోతున్న సంగతి, అందుకు ఇల్లు ఖాళీగా ఉండాల్సిన సంగతి, ఓపిగ్గా విడమర్చి చెప్పాడు. ఆమె విన్నది. కుట్టు మీద చెయ్యి పెట్టుకుంది.

"తాతకా ఇస్తాండేది?"

"అవును వదినా."

"మంచిదే. మంచోళ్లకే పోతాంది." తరువాత అడిగింది, "మూడు దినాలంటే ఈ దినంతో కలిపా, ఇడిసిపెట్టా?"

"ఇడిసిపెట్టి" అన్నాడు మౌలాలి. ఒకరోజు ఎక్కువ ఇచ్చినందుకు తనకు తానే దొడ్డమనిషిలా కనిపించాడు కూడా. "పాణ్యంలో మీ తమ్మునోళ్లు ఉండారు గదా, ఆడికి పో."

ఆమె తల ఊపి, తలలో సూది తీసి మళ్లీ కుట్టుకోసాగింది.

నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి మౌలాలి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. నేల అలికి ఉంది. మూలనుండే దూది విల్లు లేదు, పరుపుల గుట్ట లేదు. బాగుంది, చెప్పిన గడువుకు చెప్పినట్టు పోయింది అనుకున్నాడు. తన వస్తువేదైనా మిగిలిందేమోనని వెతికాడు. గోడకు తను తగిలించిన క్యాలెండరొకటి, తలుపు వెనక పాత గొడుగొకటి దొరికాయి. ఆ రెండూ ఉంటే రేపు ఎవరైనా దానం చెల్లదనవచ్చు. రెండూ చంకలో పెట్టుకుని, ఇంటికి తాళం వేసి, జట్కా మాట్లాడుకుని తకియాకు పోయాడు.

"తాతా, నీకు ఒకటి ఇయ్యాల. రా" అన్నాడు. తాత ఎందుకని అడగలేదు. ఆయనకు పిలిస్తే పోవడం అలవాటు.

జట్కాలో మౌలాలి నోరు ఊరుకోలేదు. చంకలో గొడుగు తీసి చూపించాడు.

"సూడు తాతా, ఈ గొడుగు నాది అంటే, దాని మీద నాకు హక్కుండాదని. దీన్ని నా దగ్గర పెట్టుకోని, ఇంగొకరిని ముట్టనీకుండా సూసుకుంటే, అది స్వాధీనం. నా గొడుగు నువ్వెత్తుకోని పోతివనుకో, హక్కు నాదే, స్వాధీనం నీది. మల్లా నేను నీ ఎనకాల ఈ గొడుగు పట్టుకోని నడిస్తి, నీకు నీడపట్టడానికి. అప్పుడు గొడుగు నా చేతిలో ఉండాది, కానీ స్వాధీనం నాది కాదు. అది ఉత్త మోత."

"మోసేది నువ్వు గదా?" అన్నాడు తాత.

"మోస్తే ఏమాయె. కూలోడు మూట మోస్తే మూట వానిదయితాదా?"

"మరి తడవకుండా ఉండేది ఎవురు?"

మౌలాలి నవ్వాడు. తాతకు చట్టం తెలియదు, పాపం. "అది అనుభవం తాతా. అది వేరే" అన్నాడు.

తాత దారి పక్కన పత్తిచేలు చూస్తూ కూర్చున్నాడు.

దూదేకుల వీధిలో జట్కా ఆగేసరికి ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చారు. ఎవరూ మౌలాలిని పలకరించలేదు. అతను అది గమనించలేదు. తాళం తీసి, ఒకసారి లోపలికి వెళ్లి, చంకలో క్యాలెండరు, గొడుగుతో మళ్లీ బయటికి నడిచి వచ్చాడు. వీధి అంతా వినేట్టు చెప్పాడు. "ఈ ఇల్లు షా తాతకిచ్చినా. నాది అనేది దూదిపింజంత గూడా లోపల లేదు. తాత పుచ్చుకోని లోపల అడుగుపెట్టాల." తాళంచెవి చాపాడు.

తాత తాళంచెవి తీసుకోలేదు. తలుపు తెరిచే ఉంది కాబట్టి తల వంచి లోపలికి పోయాడు.

మౌలాలి బయట నిలబడ్డాడు. ఎంతసేపు?  ఇప్పుడు బయటికి వస్తాడు, ఇప్పుడు నా చెయ్యి పట్టుకుంటాడు అని చూస్తున్నాడు. తాత రాలేదు. ఎదురింటి అరుగు మీద ఒక ముసలామె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఆమె కూడా నా దానానికి కరిగిపోయింది అనుకున్నాడు మౌలాలి. మనిషికి మత్తు ఎక్కితే అట్లాగే ఉంటుంది.

"మౌలాలీ" అని లోపలినుంచి పిలుపు. "ఇట్ల రా."

"చుట్టంగా రావచ్చునా తాతా? మల్లా నా ఇల్లని వచ్చినట్టయితే..."

"రారా."

తాత వంటింట్లో పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన కుడిచెయ్యి మణికట్టు దాకా బూడిదలో ఉంది.

"చెయ్యి పెట్టు" అన్నాడు.

మౌలాలి వంగి బూడిదలో చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కున్నాడు. తాత పైన బూడిద ఊదాడు. కింద చింతమొద్దు నిప్పు ఎర్రగా కళ్లు తెరిచింది. పొద్దున్నే బాగా కాల్చి, చల్లారకుండా కప్పిపెట్టిన నిప్పు అది.

పొయ్యి పక్కన నిండా నీళ్లతో కుండ. కుండ మెడకు తడిగుడ్డ. చాటలో జొన్నపిండి, దాని మీద మూతపెట్టిన కంచం. కంచంలో ఒక ఉల్లిగడ్డ, రెండు మిరపకాయలు, చిటికెడు ఉప్పు. పొద్దున ఇల్లంతా వెతికినప్పుడు మౌలాలి ఈ గదిలోకి తొంగి చూశాడు గానీ, తన వస్తువులు కావు కాబట్టి ఇవేవీ కంటికి ఆనలేదు.

ఇప్పుడు ఆనాయి. ఆ వీధిలో ఒక ఆచారం ఉంది. ఇల్లు ఇంకొకరికి ఒప్పజెప్పి పోయేటప్పుడు పొయ్యిలో నిప్పు, కుండలో నీళ్లు, చాటలో పిండి ఉంచి పోవాలి. వచ్చేవాళ్లు మొదటి పూట పస్తుండకూడదు. చల్లారిన పొయ్యి వదిలి పోతే అది ఇల్లు ఇచ్చినట్టు కాదు, పీడ వదిలించుకున్నట్టు. మౌలాలి ఆ వీధిలోనే పుట్టాడు. ఈ సంగతి అతనికి చట్టంకంటే ముందు తెలుసు.

"ఎవురు పెట్టినారు ఇవి?" అన్నాడు తాత.

"మా వదిన అయ్యుంటాది."

"యాడుంది?"

"ఖాళీ చేయించినా తాతా. మూడు దినాల గడువిచ్చి, నోటీసిచ్చి, పద్ధతిగానే చేయించినా. ఆమెకు హక్కు లేదు, స్వాధీనం గూడా లేదు. నేను ఉండమంటే ఉన్నింది. అది ఉత్త..."

అతని మాట అక్కడ ఆగింది. తాత ముఖం చూశాడు. ఆ ముఖంలో కోపం లేదు. ఉన్నట్టుండి ఎవరో చెంప మీద కొట్టిన మనిషి ముఖంలా ఉంది అది. మూడేళ్లలో తాతను అట్లా చూడలేదు మౌలాలి. 

"ఎన్నేండ్లు ఉన్నింది?" తాత గొంతు చాలా మెల్లగా ఉంది.

"నలభై."

"యాడికి పోయింది?"

"పాణ్యం. తమ్ముని ఇంటికి." అనగానే మౌలాలి నాలుక కరుచుకున్నాడు. జమాలమ్మ తమ్ముడు పోయి రెండేళ్లు. అతని కొడుకులు ముగ్గురూ ఇల్లు పంచుకున్నారు. పంపకం కాగితం రాసింది ఎవరో కాదు, మౌలాలే. వాకిలి ఒకడికి, వంటిల్లు ఒకడికి, వెనక కొట్టం ఒకడికి. మేనత్తకు జానెడు చోటు మిగలకుండా గోడలు ఎక్కడెక్కడ లేవాలో తన చేత్తో తనే రాశాడు. ఆ సంగతి తెలిసే ఆమెను అక్కడికి పొమ్మన్నాడు. ఆమెకూ తెలుసు. తెలిసీ తల ఊపింది.

తాత బూడిద చెయ్యి దులుపుకుని నిప్పును మళ్లీ జాగ్రత్తగా కప్పాడు. కప్పడం అయ్యాక తల ఎత్తి చూశాడు.

"ఇల్లు నాకు ముట్టింది నాయినా. ఇచ్చినామె పొద్దున్నే ఇచ్చి పోయింది. నువ్వేం తెచ్చినావు?"

మౌలాలి చేతుల్లోకి చూసుకున్నాడు. ఒక గొడుగు, ఒక పాత క్యాలెండరు, ఒక తాళంచెవి.  కాళ్ల కింద అలికిన నేల ఇంకా పచ్చిగానే ఉంది. అతను గొడుగూ క్యాలెండరూ అక్కడే పారేసి బయటికి పరుగెత్తాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

పాణ్యం బస్సు దూదిమిల్లు గోడ పక్కన ఆగుతుంది. జమాలమ్మ ఆ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కన ఒక గుడ్డల మూట, పరుపుల చుట్ట, మనిషికంటే పొడుగున్న దూది విల్లు. ఆమెను ఎక్కించుకోకుండానే రెండు బస్సులు పోయాయి. విల్లు లోపల పట్టదన్నారట. అది లేకుండా పోదామంటే ఆమెకు మనసు రాలేదు.

"ఏమిరా అట్ల వస్తాండావు? చెప్పులేవి?" అంది అతన్ని చూసి. అతను మాట్లాడే లోపలే, "తాత ఇంట్లోకి వచ్చినాడా? పొయ్యిలో నిప్పుండాదని చెప్పినావా? బూడిద తీస్తే రాజుకుంటాది" అంది.

మౌలాలి రోడ్డు మీదే ఆమె కాళ్లు పట్టుకుని కూలబడ్డాడు. యాభై ఏళ్లు దాటిన మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఆమె కంగారుపడిపోయింది.

"ఎవురన్నా ఏమన్నా అన్నారా? యాడన్నా దెబ్బ తగిలిందా?"

"ఇంటికి రా వదినా."

"ఏ ఇంటికి?"

"మనింటికి. తప్పు చేసినా. రా, పోదాం."

ఆమె అతని వైపు వింతగా చూసింది. కోపంగా కాదు. అర్థంకాని పని చేస్తున్న బిడ్డను చూసినట్టు చూసింది.

"అది తాత ఇల్లు గదరా ఇప్పుడు. ఇచ్చినాక మల్లా ఎట్ల వస్తా? నిప్పు గూడా పెట్టి వస్తి. ఇచ్చిందాన్ని మల్లా తీసుకోని ఎంగిలి చేస్తారా ఎవురన్నా?"

మౌలాలి ఎంతో చెప్పాడు. ఇల్లు తనదేనని, ఇంకా కాగితం రిజిస్టరు కాలేదని, కాగితం చింపేస్తానని, నోటీసు వెనక్కి తీసుకుంటానని. చట్టంలో ఉన్న దారులన్నీ ఆమె ముందు పరిచాడు. ఆమె ఒక్కదాని మీదా కాలు పెట్టలేదు. "ఇచ్చినా గదరా" అన్నది ఒకటే మాట. హక్కు ఉండి, తాళంచెవి ఉండి, కాగితం జేబులో ఉండి, తను ఏమీ చేయలేకపోవడం అతనికి ఆ రోజే తెలిసింది. ఇట్లాంటి చిక్కు అతను ఏ దస్తావేజులోనూ చూడలేదు. దూరంగా మూడో బస్సు దుమ్ము కనిపించింది. ఈసారి విల్లు పైన కట్టిస్తానని ఎవరో అన్నారట, ఆమె మూట దగ్గరికి లాక్కుంది.

అప్పుడు వీధి మలుపులో షా తాత వచ్చాడు. మోకాళ్లనొప్పుల మనిషి, కర్ర పొడుచుకుంటూ, ఆగి ఆగి వచ్చాడు. వచ్చి, మౌలాలి వైపు చూడనైనా చూడకుండా జమాలమ్మ ముందు నిలబడ్డాడు. జమాలమ్మ కొంగు సవరించుకుని లేచింది.

"తల్లీ, నీ పొయ్యి నాకు లొంగలేదు" అన్నాడు తాత.

"అయ్యో, నిప్పుండాది గద తాతా, బూడిద తీసి రెండు చిదుగులేస్తే..."

"పొగొస్తాంది. మంట రాలే."

"ఎడమపక్క రాయి కొంచెం జరపల్ల. అది అట్లే. కొత్తోళ్లకు తెల్దు."

"రొట్టె తట్టడం గూడా నాకు చేతగాదమ్మా. నిన్న మజ్జానం తిన్నది. ఆకలైతాంది."

"నిన్న మజ్జానమా?" జమాలమ్మ ముఖం మారిపోయింది. "ఎట్లా మనిషివి తాతా? పిండి పెట్టినా, నీళ్లు పెట్టినా. ఊరి నడుమ పస్తుంటారా ఎవురన్నా? పద, పద ఇంటికి. ఇప్పుడే రెండు తడతా."

మూట చంకన పెట్టుకుంది. నాలుగడుగులు వేసింది కూడా. ఆగి, వెనక్కి తిరిగి, "మౌలాలీ, ఆ విల్లు తే. తీగ తెగుతాది, పైలం" అని మళ్లీ నడక సాగించింది. బస్సు వచ్చి, ఆగి, ఎవరూ ఎక్కకపోతే వెళ్లిపోయింది.

మౌలాలి రోడ్డు మీద నిలబడిపోయాడు. తను ఏడ్చి, కాళ్లు పట్టుకుని, చట్టమంతా చెప్పినా కదలని మనిషి, ఆకలి అన్న ఒక్క మాటకు లేచి ఇంటికి పోతోంది. ఇల్లు ఎవరిదన్న ఊహే ఆమెకు అడ్డం రాలేదు. ఆమె అటూ ఇటూ చూడకుండా తిన్నగా పోతుంటే తాత ఆమె వెనక చుట్టంలా నడుస్తున్నాడు.

విల్లు భుజాన వేసుకుని, రెండో చంకన పరుపుల చుట్ట ఇరికించుకుని మౌలాలి ఇల్లు చేరేసరికి పొయ్యి మండుతోంది. జొన్నరొట్టె తడుతున్న చప్పుడు వీధిలోకి వినిపిస్తోంది. ఎదురింటి ముసలామె అరుగు దిగి వచ్చి చూస్తోంది. మౌలాలి విల్లును గోడకు ఆనించి గడప ముందు ఆగాడు. ఏ హోదాలో లోపలికి పోవాలో అతనికి తెలియలేదు. అరుగు మీద కూర్చుండిపోయాడు.

కాసేపటికి జేబులోంచి తెల్ల స్టాంపు కాగితం తీశాడు. వాడని కాగితం ఎప్పుడూ ఒకటి అతని దగ్గర ఉంటుంది. తాత పేర రాసిన పాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు. ఇంటిని జమాలమ్మకు రాసివ్వాలి. రేపు తను పోయినా, ఇంకో వారసుడెవడైనా దిగినా, ఆమెను ఎవరూ కదిలించకూడదు. ఇది కూడా కాగితమే, అయినా కాగితం లేకుండా ఈ లోకంలో ముసలి మనుషులను బతకనివ్వరని అతనికి బాగా తెలుసు.

రాయడం మొదలుపెట్టాడు. పేర్లు, తండ్రుల పేర్లు, వీధి, నాలుగు దిక్కుల హద్దులు. చెయ్యి తనంతట తనే పోయింది. తరువాత ఒక మాట వస్తుంది. ఏ దానపత్రంలోనైనా అది ఉండి తీరాలి. తన దగ్గర లేనిదాన్ని ఎవడూ ఇవ్వలేడు కాబట్టి, "నా స్వాధీనంలో ఉన్న ఇంటిని ఈ దినము మీకు స్వాధీనపరచడమైనది" అని రాయాలి. అది లేకపోతే పత్రం చెల్లదు. ముప్పై ఏళ్లలో ఆ వాక్యం ఎన్ని వేలసార్లు రాశాడో అతనికే తెలియదు.

"నా" అని రాశాడు.

కలం అక్కడ ఆగిపోయింది. సిరా చుక్క దిగి కాగితం మీద పడింది, వేళ్ల మీదుగా కారింది. లోపల జమాలమ్మ ఇంకో రొట్టె తింటావా అని తాతను అడుగుతోంది. తాత ఊ అంటున్నాడు. మౌలాలి ఆ రెండో మాట రాయలేక అట్లే కూర్చున్నాడు. ఎండ అరుగు మీది నుంచి దిగిపోయి వీధి సగం దాటింది.

తాత తిని, మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు. కాగితాన్నీ, అతని ముఖాన్నీ చూశాడు.

"ఏమాయె?"

"ఇల్లు నా స్వాధీనంలో ఉన్నిందని రాయాల తాతా. అది రాస్తేనే ఆమెకు చెల్లుతాది." మౌలాలి కలం పక్కన పెట్టాడు. "రాయలేకున్నా."

 తాత అతని వైపు తిరిగి చెయ్యి చాపాడు.

మౌలాలి ఆ చేతిని చూసి నిర్ఘాంతపోయాడు. మూడేళ్లుగా అడిగిన చెయ్యి అది. పొద్దున అడగడానికి ధైర్యమున్న మనిషికి ఇప్పుడు ముట్టుకోవడానికి ధైర్యం రాలేదు. తన చేతిని పంచె వెనక దాచుకున్నాడు.

"చేతికి సిరా అయింది తాతా" అన్నాడు.

"కానీలే నాయినా" అన్నాడు షా తాత.